పాఠం ఎలా చెప్పకూడదు

కొత్త ప్రమాణాల ప్రకారం ఇంగ్లీషు ఎలా చెప్పాలో మాకు నేర్పడానికి ఒక శిక్షకుడు వచ్చాడు. పొద్దుటి నుంచీ తెర మీదకి ఒకదాని వెనక ఒకటి స్లయిడ్లు తోస్తూనే ఉన్నాడు గనక, ఆయనకి స్లయిడ్ల బాబు అని నేనే పేరు పెట్టాను. చుట్టుపక్కల బళ్ళలోని ఇంగ్లీషు టీచర్లందరం మా బడి హాల్లో, పిల్లల బెంచీల మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాం. నా పక్కన మా పిన్ని. మా అమ్మకి స్వయానా చెల్లెలు, నాకంటే ఎంతో ముందు నుంచీ ఇదే బళ్ళో ఇంగ్లీషు చెబుతోంది. నేను టీచరునయ్యానంటే ఆవిడ చలవే.

"ఇప్పుడు పాఠం ఎలా చెప్పకూడదో చూద్దాం," అంటూ స్లయిడ్ల బాబు వీడియో పెట్టాడు.

తెర మీద మా పిన్ని!

ఎనిమిదో తరగతి గదిలో నిలబడి పుస్తకంలోంచి చదువుతోంది. చదువుతూనే ఉంది. పిల్లలు చేతులు కట్టుకుని బొమ్మల్లా కూర్చున్నారు. స్లయిడ్ల బాబు ఎర్ర లైటు చుక్కని పిన్ని మొహం మీద ఆడిస్తూ, "చూశారా? మొత్తం టీచరే మాట్లాడుతున్నారు. పిల్లలు ఒక్క ప్రశ్నైనా అడిగారా? అసలు నోరు విప్పారా? కొత్త ప్రమాణాల్లో ఇలాంటి తరగతికి చోటు లేదు," అన్నాడు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు.

వెంటనే మా హెడ్మాస్టరు లేచాడు. "నిజమేనండీ. అందుకే వచ్చే ఏడు ఎనిమిదో తరగతి ఈ మేడమ్‌కి ఇవ్వడం లేదు. లైబ్రరీ చూసుకుంటారు," అని అంతమందిలో ప్రకటించేశాడు. పిన్నికి మాట మాత్రమైనా చెప్పకుండా!

ఎనిమిదో తరగతంటే ఆవిడకి ప్రాణం. కూడబలుక్కుని చదివే పిల్లల చేత ఏడాది తిరిగేసరికి ఇంగ్లీషులో వాదులాడిస్తుంది. ఆ గోలకి పక్క గదిలో నా పాఠం నాకే వినబడదు. అలాంటి మనిషికి లైబ్రరీ బీరువాల కాపలా!

నాకు ఒళ్ళు మండిపోయింది. లేవబోతే పిన్ని చెయ్యి పట్టి లాగింది. "ఊరుకోవే. అందరిలో గొడవెందుకు?"

"నువ్వూరుకో పిన్నీ," అని లేచి స్లయిడ్ల బాబు వైపు తిరిగాను. "సార్, ఈ వీడియో తీసేటప్పుడు నేను గుమ్మంలోనే ఉన్నాను. మీరు పంపిన కెమెరా అతను ఏమన్నాడో తెలుసా? మైకు చూసుకోవాలి, ఏదో ఒకటి చదువుతూ ఉండండి మేడమ్, పిల్లలూ మీరు కిక్కురుమనకండి అన్నాడు. ఇది పాఠం కాదు సార్, మైకు పరీక్ష!"

"మేడమ్, ఆవేశం వద్దు. మనం ప్రమాణాల గురించి మాట్లాడుకుందాం."

"ఏం ప్రమాణాలండీ, నా తలకాయ! ఆ వీడియో చివరిదాకా పోనివ్వండి."

ఆయన తర్వాతి స్లయిడ్‌కి పోబోయాడు. ముందు బెంచీల వాళ్ళు కూడా "వెయ్యండి, వెయ్యండి" అని అందుకునేసరికి వెయ్యక తప్పలేదు. కెమెరా వెనక నుంచి ఒక మగ గొంతు వినిపించింది. "చాలు మేడమ్, మైకులో గొంతు బాగా వినిపిస్తోంది. ఇక పాఠం మొదలుపెట్టుకోండి." పిన్ని హమ్మయ్య అనుకుంటూ పుస్తకం మూసి పిల్లల వైపు తిరిగింది. బెంచీల మీంచి చేతులు గబగబా లేచాయి. వీడియో అక్కడితో అయిపోయింది.

హాలంతా గొల్లున నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇంత పెద్ద శిక్షణట, చూపించే ముక్కని చివరిదాకా చూసినవాడు ఒక్కడు లేడు! పిల్లల చేత ప్రశ్నలు అడిగించమని మాకు నేర్పే మనిషి, తను మాత్రం ఆ కెమెరా అతన్ని ఒక్క ప్రశ్న అడిగిన పాపాన పోలేదు!

స్లయిడ్ల బాబు గొంతు సవరించుకున్నాడు. "ఏదేమైనా ఉదాహరణగా ఇది చక్కగా పనికొస్తుంది. కావాలంటే మేడమ్ మొహం మసకగా చేసేస్తాం."

"దొంగకి వేసినట్టు మా పిన్నికి ముసుగు వేస్తారా?" అని అరిచాను.

హెడ్మాస్టరు గబగబా టీకి లేవమని అందరికీ చెప్పి, మమ్మల్నిద్దరినీ వరండాలోకి పిలిచాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "పొరపాటు జరిగింది మేడమ్. ఎనిమిదో తరగతి మీదే. కాకపోతే ఈ సంగతి ఇక లోపల ఎత్తకండి. పైనుంచి వచ్చినాయన చిన్నబుచ్చుకుంటాడు."

నాకు ప్రాణం లేచొచ్చింది. తరగతి దక్కింది, అదే పదివేలనుకున్నాను. ఇందాక నన్ను ఊరుకోమన్న మనిషి ఇప్పుడు తనూ ఊరుకుంటుందనుకున్నాను.

"తరగతి తీసేసేటప్పుడు అందరి ముందూ తీసేశారు కదండీ," అంది పిన్ని. "ఇచ్చేటప్పుడు మాత్రం గోడ చాటున ఇస్తారా?"

"అబ్బే, అది కాదు మేడమ్, ఇప్పుడు మళ్ళీ ఎందుకని..."

పిన్ని వెళ్ళి హాలు తలుపు బార్లా తెరిచి పట్టుకుంది. లోపల టీచర్లంతా టీ తాగడం మాని మా వైపే చూస్తున్నారు.

"రండి సార్," అంది. "వీళ్ళందరూ విన్నారు. వీళ్ళందరికీ చెప్పండి."