పేరు ముద్ద

పొద్దు పొడవంగానే కొమురమ్మ చెప్పులు తొడుక్కొని మెట్‌పల్లి రోడ్డు పట్టేది. వాగు మీది వంతెన దాకా పోయి, పిట్టగోడను చేత్తో ముట్టి మళ్లేది. ముట్టకుండా మళ్లితే ఆనాటి నడక లెక్కలోకి రాదని ఆమె పెట్టుకున్న నియమం. ఇంటికొచ్చి, రొట్టె చేసి, తిని, తిన్నది నోట్‌బుక్కులో రాసి, అప్పుడు బీడీలు చుట్టేందుకు చాట ఒడిలోకి తీసుకునేది. ఆ నోట్‌బుక్కు కొడుకు రాజనర్సుది. అట్ట మీద పదో తరగతి, సాంఘిక శాస్త్రం అని ఉంటుంది. లోపల సగం కాగితాలు ఖాళీ.

నడకా రాతా రెండూ ఊరి దవాఖాన డాక్టర్ శోభారాణి చెప్పినవే. కొమురమ్మకు గర్భసంచిలో గడ్డ. నెలలో సగం రోజులు నెత్తురు పోయి మనిషి పాలిపోయింది. ఆపరేషన్ చేస్తే తీరిపోయేదే. కానీ ఎనభై నాలుగు కిలోల మనిషికి, అందులోనూ బీపీ ఉన్న మనిషికి మత్తు ఇవ్వనన్నాడు కరీంనగర్ డాక్టరు. డెబ్బైకి దిగి రమ్మన్నాడు. వానకాలం దాకా మాత్రం ఆగొద్దన్నాడు.

క్యాలరీ అంటే ఏమిటో శోభారాణి ఆమెకు పొయ్యి లెక్కన చెప్పింది. తిండి కట్టె అనుకో, ఒళ్లు పొయ్యి అనుకో. కాలినంత కాలి, మిగిలిన కట్టె దొడ్లో పేర్చినట్టు నడుముకు పేరుకుంటుంది. అందుకని తెచ్చే కట్టె తగ్గించాలి, మంట పెంచాలి. జొన్నరొట్టెకు ఇంత, గిన్నెడు అన్నానికి ఇంత అని కాగితం మీద రాసిచ్చింది. ఐదో తరగతి చదివిన కొమురమ్మకు ఆ లెక్క బాగానే పట్టుబడింది. చెంచా నూనె కూడా వదలకుండా రాసేది.

రెండు నెలలు దవాఖానలో తూకం ముల్లు వారం వారం దిగింది. డెబ్బై ఎనిమిది దగ్గర మేకు కొట్టినట్టు ఆగిపోయింది. ఆమె వంతెన దాకా రెండుసార్లు పోయి రాసాగింది. రొట్టెను సగం చేసింది. ఏడు వారాలైనా ముల్లు కదల్లేదు. పక్కింటి చిన్నవ్వ తోడొచ్చి, "మిషనే ఖరాబైనట్టున్నదక్కా" అని తాను ఎక్కి చూసింది. ముల్లు ఎనభై రెండు దాకా పోయింది. చిన్నవ్వ మెల్లగా దిగి, మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

చిన్నవ్వ పెనిమిటి జలపతి దుబాయిలో ఉండేవాడు. ఇంటి మనిషి దూరం పోయిన ప్రతి ఇంట్లోలాగే చిన్నవ్వ ఇంట్లోనూ పేరు ముద్ద ఉండేది. అన్నానికి కూర్చున్నప్పుడు, పోయిన మనిషిని మనసులో పేరు పెట్టి పిలిచి ఒక ముద్ద మింగుతారు. ఆ ముద్ద రుచి, కడుపు నిండడం అటు పోతాయి. బరువు మాత్రం ఇటే ఉండిపోతుంది. మంగళవారం పగటిపూట చింతచిగురు పప్పు మంచిగున్నది, ఉప్పు జర తక్కువైంది అని జలపతి ఉత్తరం రాసేవాడు. చిన్నవ్వ ఆ ఉత్తరం చదివించుకొని ఉప్పు సరిచేసేది. దుబాయి పోయినవాళ్ల భార్యలు ఆ వాడలో కాస్త బొద్దుగానే ఉండేవాళ్లు.

కొమురమ్మ కొడుకు పోయింది దుబాయికి కాదు. జగిత్యాలలో డిగ్రీ చదువుతూ చదువుతూ మూడేళ్ల కిందట నక్సలైట్ అన్నల్లో కలిశాడు. అడవి నుంచి ఉత్తరం రాదు. నెలకోసారి పోలీసులు వచ్చి, మూడో మనిషి తిన్నాడేమోనని వంటింట్లో కడిగి బోర్లించిన పళ్లేలు లెక్కబెట్టి పోతారు. అందుకే కొమురమ్మ కొడుకు వంతు కూడా తన పళ్లెంలోనే పెట్టుకునేది.

ఎనిమిదో వారం శోభారాణి, పగటి సద్ది దవాఖానకే తెచ్చుకొని తన ఎదుట తినమన్నది. కొమురమ్మ మూట విప్పింది. ఒక రొట్టె, కాస్త వంకాయ కూర. కండ్లు మూసుకొని, పెదవులు కదిపి, ఒక రొట్టె తుంట మింగింది. మళ్లీ కండ్లు మూసుకుంది. అట్లా సగం రొట్టె అయ్యాక కండ్లు తెరిచి మిగిలిన సగం నమిలి తిన్నది. చేయి కడుక్కొని నోట్‌బుక్కు తీసి, సగం రొట్టె అని రాసింది.

"గిదేంది కొమురమ్మా, ఒక్క రొట్టె తిని సగం రాస్తున్నవు?"

"సగమే తిన్న గదమ్మా."

"మరి కండ్లు మూసుకొని తిన్నదో?"

"గది నాది గాదు. రుచి తెలువంది తిన్నట్టెట్లయితది? నా నాలుకకే తెలువకపాయె, ఏమని రాయాలె?"

శోభారాణి కలం కింద పెట్టింది. రోజుకు ఎన్ని ముద్దలని అడిగితే కొమురమ్మ వేళ్లు మడుస్తూ ఆలోచించింది. మొదట ఒక్కటే. వానలో తడుస్తున్నాడేమోనని ఇంకొకటి. గుట్టలు ఎక్కుతాడని రెండు. కథలాపూర్ దిక్కు కాల్పులైనయని విన్న రోజు నుంచి పూటకు సగం పళ్లెం. ఇవన్నీ ఆమె లోపలే లెక్కపెట్టుకుంది. పైకి మాత్రం, "జరన్ని ఎక్కువనే" అన్నది.

ఎవరికని శోభారాణి అడగలేదు. దుబాయి క్యాంపులో వంట ఉంటుంది, అక్కడి మనిషికి ఎవరూ సగం పళ్లెం పంపరు; అడవిలో ఉన్నవాడికే పంపుతారు. ఆమె గంభీరావుపేట దిక్కు దొరల బిడ్డ. అన్నలు వచ్చాక వాళ్ల నాయన కోటలాంటి గడికి తాళం వేసి ఊరు విడిచాడు. ఆ సంగతి తెలిసే, ఇంట్లో ఎందరని మొదటిరోజు అడిగితే కొమురమ్మ ఇద్దరమేనని చెప్పింది. ఇప్పుడు తల వంచుకొని కూర్చున్నది. శోభారాణి లేచి తలుపు దగ్గరికి వేసింది.

"నేను వరంగల్ల డాక్టరు చదివేటప్పుడు మా అమ్మ నాకు పేరు ముద్ద పెట్టేది. ఆకలి అనేదే ఎరుగ. రెండేండ్లు ఇంటి మొకం చూడలె. ఒకనాడు క్లాసుల కూసుంటే కడుపుల పేగులు అరిసినయి. సాయంత్రం బస్సెక్కిన."

"అమ్మగారు మరిసిపోయిన్రా?"

"మరువలె. ఆపింది."

శోభారాణి మందుల చీటీ వెనక ఒక పేరు, జగిత్యాల అడ్రసు రాసి నోట్‌బుక్కులో పెట్టింది.

"మా అన్న శశిధర్ రావు వకీలు. ఎవరన్న కోర్టుల హాజరయ్యేదుంటే పక్కపొంటి నిలబడతడు. ఎవరైనా సరే. మా గడి ముచ్చట వేరే, గిది వేరే."

మర్నాడు పొద్దున రొట్టె ముందు కొమురమ్మ కండ్లు మూసుకోలేదు. సగం తిన్నది, మిగతా సగం బుట్టలో మూతపెట్టింది. చేయి దానంతటదే రెండుసార్లు బుట్ట మీదికి పోయింది. ఆమె భర్త ఎల్లన్న పసుపు చేను చేసేవాడు, మాట తక్కువ మనిషి. రెండు రోజులు చూసి ఊరుకున్నాడు. మూడో రోజు తన పళ్లెంలో ఒక ముద్ద కలిపి, కండ్లు మూసుకోబోయాడు.

"నువ్వు గూడ వద్దు" అన్నది కొమురమ్మ.

"పోరని కడుపు కొడ్తవా?"

"మూడేండ్ల సంది మనమే వాన్ని ఆడ ఉంచుతున్నమయ్యా. ఆకలైతెనే గద ఇల్లు యాదికొచ్చేది."

ఎల్లన్న ముద్దను చేతిలోనే పట్టుకొని కూర్చున్నాడు. కాసేపటికి దాన్ని పళ్లెంలోకి విడిచాడు. ఆ పూట ఇద్దరూ తినలేదు.

ముల్లు కదిలింది. డెబ్బై ఏడు, డెబ్బై ఆరు. చిన్నవ్వ మెచ్చుకొని, ఏం చేస్తున్నవో నాకూ చెప్పక్కా అని వెంటపడింది. కొమురమ్మ మిషన్ ఎక్కి ముల్లు చూడకుండా దిగిపోయేది. తగ్గిన ప్రతి కిలో తన ఒంట్లోంచి కాక వాడి ఒంట్లోంచి పోతున్నట్టు ఉండేది ఆమెకు. నడకలో వంతెన పిట్టగోడ ముట్టినప్పుడల్లా అక్కడ కాసేపు నిలబడి, వాగు అవతలి బాట చూసేది.

పేరు ముద్ద ఆపిన నలభయ్యో రోజు. పసుపు ఉడికించే కాలం, వాడంతా ఆ వాసనే. ఎండ నడినెత్తిన ఉంది. బండ్ల వెంట వచ్చిన కూలీల్లోంచి ఒకడు తలకు చుట్టిన తువాలతో నేరుగా కొమురమ్మ గడపలోకి వచ్చాడు. దవడలు లోపలికి పోయి, మెడ సన్నబడి ఉన్నాడు. ఆమెను చూసి గోడకు ఆనుకున్నాడు. అట్లాగే కిందికి జారి కూర్చున్నాడు.

"ఉన్నవా, అవ్వా?" అన్నాడు రాజనర్సు.

కొమురమ్మకు అర్థం కాలేదు.

"మూడేండ్లు ఆకలెరుగ. నా పాలు రొట్టె దళంల వేరేటోళ్లకు ఇచ్చేటోన్ని. నెల దాటింది, ఒక్కసారే బందయింది. నువ్వు పోయినవనుకున్న. దినాలకన్న అందుకుందామని అచ్చిన."

ఆకలి వాణ్ని పిలుస్తుందని తెలుసు గానీ, ఆ పిలుపు వాడికి ఇట్లా వినపడుతుందని ఆమె అనుకోలేదు. బీడీల చాట పక్కకు పెట్టి, వాడి ముందు మోకాళ్ల మీద కూర్చొని, ఎండిన చెంప మీద చేయి పెట్టింది.

"ఉన్న కొడకా. జరంత తక్కువైన, గంతే."

అన్నం పెట్టింది. పప్పు, మామిడికాయ తొక్కు. మొదటి ముద్ద తానే కలిపి చేతిలో పెట్టబోతే వాడే పళ్లెం దగ్గరికి లాక్కున్నాడు. నమిలి, కండ్లు మూసుకొని, "ఉప్పు మంచిగున్నది" అన్నాడు. చేను నుంచి వచ్చిన ఎల్లన్న గడపలో నిలబడి అంతా చూశాడు. తర్వాత దండెం మీది అంగీ తీసుకొని, నోట్‌బుక్కులోంచి మందుల చీటీ తీసి కొడుక్కు చూపి, వాడు తలూపాక జేబులో పెట్టుకొని, వకీలుకు ఫోన్ చేయడానికి బజారుకు పోయాడు.

మర్నాడు జగిత్యాల కోర్టులో రాజనర్సు హాజరైనప్పుడు శశిధర్ రావు పక్కనే నిలబడ్డాడు. జైల్లో ఏడాదిన్నర. కొమురమ్మకు వానలు పడకముందే ఆపరేషన్ అయింది, సరిగ్గా డెబ్బై కిలోల దగ్గర. కోలుకున్నాక వారానికోసారి జైలుకు సద్ది కట్టుకొని పోయింది గానీ, పేరు ముద్ద జోలికి మళ్లీ పోలేదు.

ఆ నోట్‌బుక్కు ఇంకా ఆ ఇంట్లో ఉంది. కొడుకు వచ్చిన రోజు కాగితం మీద పొద్దుటి సగం రొట్టె కింద అడ్డంగా గీత కొట్టి ఉంటుంది. గీత కింద, తడబడిన అక్షరాల్లో ఒకే వరుస:

రాజనర్సు. రెండు పళ్లేలు అన్నం. తనే తిన్నడు.