లోయ మీది మబ్బులు

నేను ఒక ఎన్లార్జర్ని. ఫిల్ములోని చిన్న బొమ్మను కాగితం మీద పెద్దదిగా పడేసే యంత్రాన్ని. మద్రాసులో ఒక చిన్న కార్ఖానాలో పుట్టాను. ప్రొద్దుటూరు స్టూడియోలో పదకొండేళ్లు పాస్‌పోర్టు ఫోటోలు వేశాను. చివరికి జమ్మలమడుగులో డ్రాయింగు మాస్టరు మద్దిలేటి ఇంటి సామాన్ల గదికి చేరాను.

అక్కడే నాకు అసూయ పట్టుకుంది. మాస్టరుకు ఒక కెమెరా ఉండేది. దానికి తోలు సంచి, తుడవడానికి మెత్తటి గుడ్డ. నాకేమో పాత లుంగీ ముసుగు. ప్రతి ఆదివారం అది ఆయన మెడలో వేలాడుతూ గండికోటకు పోయి, పెన్నా లోయను కళ్లారా చూసి వచ్చేది. ఫిల్మును నాలో తలకిందులుగా పెడతారు కాబట్టి, నాకు మాత్రం ఆ లోయ ఎప్పుడూ తలకిందులుగానే తెలుసు.

ఫోటోలు తీసేది మాస్టరు. ప్రింట్లు వేసే ఓపిక ఆయన భార్య ఓబులమ్మది.

ఒకసారి వాన ముందర తీసిన లోయ ఫోటో ప్రింటు వేస్తే, బండలు మసిబొగ్గులా, ఆకాశం వట్టి తెల్లకాగితంలా వచ్చాయి.

"ఇది పనికి రాదు, పారెయ్" అన్నాడు మాస్టరు.

ఆమె ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి చూసింది. "ఉండుప్పా, మబ్బులు దీంట్లోనే ఉండాయి. బయటికి రాలేకుండాయి, అంతే."

మూడు రోజులు, వంట పని అయ్యాక, కిటికీ మూసేసి నా దగ్గరే నిలబడింది. నా వెలుగు ఎంత పడితే కాగితం అంత నల్లబడుతుంది. అందుకే బండల మీద అది ఎక్కువ పడకుండా అరచేతులు అడ్డం పెట్టి కదిలించేది. తర్వాత చిల్లు పెట్టిన అట్టముక్కతో ఆకాశానికి మాత్రం ఇంకాస్త వెలుగు పట్టించేది. పద్నాలుగు కాగితాలు పాడయ్యాయి. పదిహేనోది మందునీళ్ల ట్రేలో వేయగానే మబ్బులు ఒక్కొక్కటే తేలి వచ్చి లోయ మీదికి వంగాయి.

కడపలో జరిగిన ఫోటోల పోటీలో దానికే మొదటి బహుమతి. పత్రికలో మాస్టరు బొమ్మ పడింది, మెడలో కెమెరాతో సహా. ఇంటికొచ్చిన వాళ్లంతా "ఏం కెమెరా సార్ ఇది!" అంటూ దాన్నే ముద్దుగా చేతుల్లోకి తీసుకునేవాళ్లు. ఓబులమ్మ టీ గ్లాసులు అందించి లోపలికి వెళ్లిపోయేది. నేను ముసుగులో ఉడికిపోయేదాన్ని.

ఒక మధ్యాహ్నం, ఆ పోటీకి బహుమతి నిర్ణయించిన పెద్దాయన పుల్లారెడ్డి గారు వచ్చి, అట్లాంటి ప్రింటే ఇంకొకటి కావాలన్నారు.

"అదెంత పని సార్!" అని మాస్టరు తానే గదిలోకి వచ్చాడు. ఆరు కాగితాలు వేశాడు. ఆరింటిలోనూ ఆకాశం వట్టి బూడిద రంగే, మబ్బుల జాడ లేదు. చెమట తుడుచుకుంటూ తలుపు తీశాడు.

"ఓబులమ్మా, చెయ్యి ఎట్ల పెడితివి నువ్వు?"

"చెప్తే వచ్చేది గాదులే. జరుగు."

ఈసారి పెద్దాయన కూడా లోపలికొచ్చి నిలబడ్డాడు. ఆయన కళ్లముందే మబ్బులు మళ్లీ వచ్చాయి.

మాస్టరు తల దించుకున్నాడు. "ఈ మబ్బులు నేను తెచ్చినేటివి గావు సార్. ఈమె తెచ్చింది. బహుమతి తీసుకున్న పొద్దే చెప్పాల్సింది, నోరు రాలేదు." ప్రింటు ఆరాక దాని వెనకవైపు, తన పేరు కంటే ముందు ఓబులమ్మ పేరు రాశాడు.

పెద్దాయన ఆమె వైపు తిరిగాడు. "దేంతో చేస్తివి తల్లీ ఇంత పని?"

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్లకు నా పేరు ఒకరి నోట వినబోతున్నాను!

ఓబులమ్మ మందునీళ్ల మరకలు పడ్డ రెండు చేతులూ ఎత్తి చూపింది. "వీటితోనే సార్" అంది.

ఆ పూట నుంచి నాకు కెమెరా మీద కోపం లేదు. నా కుళ్లంతా ఆ చేతుల మీదే.