నాలుగో నంబరు సాంచ

మంజుల ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆరు సాంచాలున్నాయి. పొద్దున ఏడింటికి మొగుడు హరీష్ స్విచ్చు వేస్తే ఆ మరమగ్గాల చప్పుడుకు వాడంతా నిద్ర లేస్తుంది. అయిదు నెలల చంటిదాన్ని ఒళ్లో వేసుకుని మంజుల కండెలు చుడుతుంది. అయిదు సాంచాలు మామూలువి, పోగు తెగితేనే ఆగుతాయి. నాలుగో నంబరుది మాత్రం దగ్గర్లో ఎవరైనా అబద్ధమాడినా టక్కున ఆగుతుంది. అందుకే ఆ వాడలో పెండ్లి సంబంధాలు మాట్లాడుకోవాలంటే చాయ్ బండి దాకా నడిచి పోతారు. అంతకుమించి దాన్నెవరూ పట్టించుకోరు.

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఎండాకాలం అది. అత్త రామవ్వ ఫోన్లో ఏదో విని వచ్చి సాంచ పక్కనే నిలబడి చెప్పింది.

"పాలిచ్చే తల్లులు గా కరోనా సూది ఏసుకుంటే పాలు ఎండిపోతయి."

సాంచ ఆగలేదు. ఇంకేముంది, వాడంతా నమ్మేసింది.

రెండు రోజులకు నర్సు మమతారాణి వచ్చింది. "పాలిచ్చేటోళ్లకు గూడ ఇప్పుడు సూది ఇస్తున్నం. పాలేం ఎండిపోవు," అంది. అప్పుడూ సాంచ ఆగలేదు.

మంజుల చేతిలో కండె ఆగింది. రెండూ నిజమెట్లా అవుతాయి? ఈ సాంచ అబద్ధాన్ని పట్టుకుంటుందే గానీ పొరపాటును పట్టుకోదని ఇన్నేళ్లలో ఎవరికీ తట్టలేదు. నమ్మి చెప్తే తప్పు మాటకైనా అది నడుస్తూనే ఉంటుంది. ఇక నిజమేదో తనే తేల్చుకోవాలి.

"మరి ముందుగాల వద్దన్నరు గద మేడం?"

"మొదటి పరీక్షలల్ల పాలిచ్చే తల్లులను తీసుకోలే. తెల్వదు గాబట్టి వద్దన్నరు. తర్వాత ఏసుకున్న తల్లుల పాలు తీసి చూసిన్రు. పిల్లలకు నుక్సాన్ కనవడలే. రోగాన్ని ఆపే బలం జర పాలల్లకు గూడ వస్తున్నదట."

"ఎంతమందిని చూసిన్రు?"

"వేలమందిని గాదు, తక్కువే. పిల్లలను ఎంత కాపాడుతదో ఇంకా తెల్వదు. ఉన్నది ఉన్నట్టు చెప్తున్న."

అత్త చెప్పినదానికి పేరూ ఊరూ లేవు. ఈమె తెలియనిదాన్ని తెలియదంటోంది. ఎవరిని నమ్మాలో మంజులకు తెలిసిపోయింది. తెలిసినా భయం పోలేదు.

మధ్యాహ్నం పక్కింటి స్వరూప వచ్చింది. ఆమె కొడుక్కి నాలుగో నెల.

"అక్కా, నర్సమ్మతోని మాట్లాడినవట గద. మనకు సూది ఇస్తరా? ఇస్తే ఇద్దరం పోదాం."

స్వరూపకు భయమంటే ఏమిటో తెలియదు. రేపే పోయి వేసుకొస్తుంది. వాడలో ఒక్కతే పిరికిదానిగా మిగలడం మంజులకు ఇష్టం లేకపోయింది.

"మనకు ఇయ్యరట స్వరూపా. పాలు మానిపిచ్చినంక పోదాం తియ్."

సాంచ ఆగింది.

మంజుల గబుక్కున లేచి, బాగున్న పోగునొకదాన్ని వేలితో తెంపి, "పోగు తెగింది," అంది. అది నిజమే గనక, ముడి వేసి మీట లాగితే సాంచ నడిచింది. స్వరూప నమ్మి వెళ్లిపోయింది. ఆ ముడి బట్టలోకి పోయింది.

మూడు వారాలకు స్వరూపకు కరోనా వచ్చి దమ్ము పట్టింది. కరీంనగర్‌లో పద్దెనిమిది రోజులు ఆక్సిజన్ మీద ఉంది. ఆమెను ఆసుపత్రిలో చేర్చారని తెలిసిన రోజే మంజుల పోయి సూది వేసుకుంది. మర్నాడు పాలు ఎప్పటిలాగే వచ్చాయి. అది చూసి ఏడ్చింది. స్వరూప కొడుకును తెచ్చుకుని, తన బిడ్డతో పాటు వాడికీ పాలిచ్చింది. వాడంతా మెచ్చుకుంటుంటే తలుపు వేసుకునేది. సూది వేసుకుని ఉంటే స్వరూపకు అంత ముదిరేది కాదేమో. 'ఏమో' అనడమే గానీ గట్టిగా ఎవరూ చెప్పలేరు. నీ వల్లేనని ఎవరైనా తేల్చి చెప్తే బాగుండుననిపించేది.

స్వరూప ఇంటికొచ్చింది. మనిషి సగమైంది. సాంచ పక్కన గోడకు ఆనుకుని కొడుకును రొమ్ముకు పట్టింది. చుక్క రాక వాడు ఏడుపందుకున్నాడు.

"ఎండిపోయినయక్కా," అంది. "నువ్వు లేకుంటే వీడు నాకు దక్కకపోతుండె."

మంజుల ఇక ఓర్చుకోలేకపోయింది.

"స్వరూపా, మనకు సూది ఇస్తరని ఆ రోజు నాకు తెల్సు. నాకు భయమై నీకు అబద్ధం చెప్పిన. సాంచ ఆగితే పోగు నేనే తెంపిన."

అక్క బాధలో ఏదో అంటోందనుకుని స్వరూప నవ్వబోయింది. తల తిప్పి సాంచ వైపు చూసింది. ఇప్పుడాగుతుందని చూసింది. ఆగాలని చూసింది.

సాంచ నడుస్తూనే ఉంది.

 పిల్లాడు గుక్కపట్టాడు. మంజుల ముఖం చూడకుండానే స్వరూప వాణ్ణి ఆమె ఒళ్లో పడుకోబెట్టింది.

"పాలు తాపు," అంది. "వీడు పాలు మరిచేదాకనే. గంతే. ఇగ నువ్వు నాకు అక్కవు గావు."

సాంచ ఆగింది.

హరీష్ వచ్చి వంగి వెతికాడు. తెగిన పోగు ఒక్కటీ దొరకలేదు.