సీరియల్ శవపేటిక

నేను ఒక శవపేటికను. భయపడకండి. చచ్చినవాళ్ళెవరూ ఇంతవరకు నాలో పడుకోలేదు.

మనీలాలో ఒక టీవీ స్టూడియో వెనక షెడ్డులో పుట్టాను. ఒళ్ళంతా పలుచని ప్లైవుడ్డు, పైన తెల్లరంగు, అంచులకు బంగారు కాగితం. రాత్రి భోజనాల వేళ దేశమంతా కంచాలు ముందు పెట్టుకుని చూసే సీరియల్ కోసం ఇస్కో నన్ను చేశాడు. సెట్ సామాన్లన్నీ అతని చేతిమీదుగానే నడిచేవి. ఆ కథలో చావులు ఎక్కువ, పోయేవాళ్ళు తక్కువ. నాలో పడుకున్న విలన్ కొన్నాళ్ళకు గడ్డం పెంచుకుని తిరిగొచ్చాడు. చావంటే భోజన విరామం లాంటిదేమో అనుకునేదాన్ని.

అక్కడ ఆ రోజు రాసింది ఆ రోజే తీసి, ఆ రాత్రే చూపించేవారు. ఎవరు బతుకుతారో సెట్ మీదికొచ్చాక గాని నటులకు తెలిసేది కాదు.

ఒక ఉదయం ముసలి నటి రెమెడియోస్ కాఫీ కప్పుతో వచ్చింది. కథలో ఆమె లోలా, అంటే అక్కడివాళ్ళ మాటలో నాయనమ్మ. నన్ను చూసింది. నా పక్కన దండ వేసిన ఫొటో చూసింది. అది ఆమెదే. కాఫీ ఒలికిపోయింది.

"ఇదేంటయ్యా? నిన్ననే కదా నాకు జ్వరం తగ్గించారు!"

కుర్ర డైరెక్టర్ తల వంచుకున్నాడు. "ఇంట్లో మనుషులు ఎక్కువయ్యారని రాసేవాళ్ళు అన్నారు, లోలా. రేపట్నుంచి మీరు విశ్రాంతి తీసుకోండి."

"నేను విశ్రాంతి తీసుకుంటే మంచాన పడ్డ నా చెల్లెలికి మందులెవరు కొంటారు?"

ఇస్కో తన స్వెటర్ విప్పి, మడిచి, నాలో పడుకున్న ఆమె తల కింద పెట్టాడు. ఫ్యాన్ అటు తిప్పాడు.

"కాసేపు కళ్ళు మూసుకోండమ్మా, చాలు."

"దానికేగా పిలిచింది," అంది.

కోడళ్ళు, మనవలు గొల్లుమని ఏడ్చారు. "కట్" అన్నారు. ఆమె లేవలేదు.

సెట్టంతా కొయ్యబారిపోయింది. అప్పటిదాకా గ్లిసరిన్‌తో ఏడుస్తున్న పెద్దకోడలు నిజంగానే కెవ్వుమంది. ఇస్కో వేళ్ళు ఆమె ముక్కు దగ్గర పెట్టాడు. సన్నగా గురక వినిపించింది.

"లేపకండి," అన్నాడు. అందరూ చప్పుడు చేయకుండా లైట్లు ఆర్పుకుని బయటికి నడిచారు.

తీసింది సరిచూసుకునే తీరిక ఎవరికుంది? ఆ రాత్రి దేశమంతా చూసింది. చచ్చిపోయిన లోలా గుండెల మీద జపమాల మెల్లగా లేస్తోంది, దిగుతోంది!

తెల్లారేసరికి స్టూడియో గేటు నిండా జనం. ముందు నిలబడి చేపలమ్మే ఒకావిడ అరుస్తోంది: "ఊపిరాడుతున్న మనిషిని పాతిపెడతార్రా? మీరు తల్లి కడుపున పుట్టలేదా?"

రాసేవాళ్ళు నోరెళ్ళబెట్టారు. మధ్యాహ్నానికి కథ మారిపోయింది. శ్మశానం సెట్‌లో నా మూత తోసుకుని లోలా లేచి కూర్చుంది.

"నాకు ఆకలేస్తోంది," అంది. అది ఎవరూ రాసిన మాట కాదు. ఎవరూ తీసేయలేదు కూడా.

సీరియల్ అయిపోయేదాకా ఆమెను చంపే ధైర్యం మళ్ళీ ఎవరికీ రాలేదు.

ఇప్పుడు గోదాములో మూల పడి ఉన్నాను. బంగారు కాగితం ఊడిపోయింది. మొన్న ఇస్కో, మరిచిపోయిన స్వెటర్ కోసం వచ్చి నా మూత ఎత్తాడు. లోపల ఆ స్వెటర్ మీద ఒక పిల్లి ఈని ఉంది. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గాలి ఆడేలా మూత సందులో ఒక చెక్కముక్క పెట్టి వెళ్ళిపోయాడు.

కళ్ళు తెరవని కూనల ఊపిరి నా పలుచని చెక్కలకు తెలుస్తూనే ఉంది.