దుప్పటి మార్చకముందే

ఆపెలి లేచి నిలబడగానే నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. రెండేళ్ల తర్వాత మా ప్రార్థన మందిరానికి రావడం అతనికి అదే మొదలు. తడిసిన ఉన్ని కోటు కంపు, దానికి తోడు చేపల నీచు, మూడు బల్లల అవతలున్న నాదాకా వచ్చాయి. ముక్కు కారుతోంది. మోచేతికి తుడుచుకుంటున్నాడు.

"నేను పాపంలో పడిపోయాను. మీ అందరినీ క్షమించమని అడుగుతున్నాను. ఎవరైనా నాకు ఆ మాట చెప్తారా?" అన్నాడు.

ఈ ఉత్తరపు మంచు దేశంలో, టోర్నియో నది పక్కన, మా విశ్వాసుల పద్ధతి ఇదే. పాదిరి అక్కర్లేదు. నమ్మినవాళ్లలో ఎవరో ఒకరు వెళ్లి మెడ చుట్టూ చేతులు వేసి, యేసు పేరిట నీ పాపాలు పోయాయి, నమ్ము, అని చెప్పాలి. మనసులో అనుకుంటే చాలదు, చెవిన పడాలి. అడిగినవాడి వల్ల ఎక్కువ దెబ్బ తిన్నవాళ్లు ముందు లేవాలన్నది ఎవరూ రాయని మర్యాద. అందుకే అందరూ నావైపు చూశారు.

ఆపెలి నదిలో చేపలు పట్టి బతుకుతూ పాతికేళ్లు మాకు వాక్యం చెప్పాడు. తాగుడు మీద అతను విరుచుకుపడ్డట్టు ఇంకెవరూ విరుచుకుపడలేదు. చాటుగా తాగుతాడని ఊరికి తెలిసింది మా ఇంట్లోనే.

నా భార్య హిల్యా చివరి వారంలో ఆపెలిని పిలవమంది. పెళ్లికి ముందు ఆమెకు మొదటిసారి ఆ మాట చెప్పింది అతనే. పోయేముందు మళ్లీ అతని నోటే వినాలని ఆమె ఆశ. వచ్చాడు, పట్టపగలు రెండింటికి, తూలుతూ. బైబిలు తెరిచి, రెండు ముక్కలు గొణిగి, ఆమె దుప్పటి మీద కక్కేశాడు. అరగని చేప ముక్కలు, సారా, పులిసిన కంపు. ఆ కంపు నా ముక్కులో ఇప్పటికీ ఉంది.

ఊరికి ఇంతవరకే తెలుసు. తర్వాత జరిగింది నేను ఎవరికీ చెప్పలేదు.

నేను బకెట్ తెచ్చేసరికి హిల్యా తన దిండు పక్కనున్న తువ్వాలుతో అతని మూతి తుడుస్తోంది. చెయ్యెత్తడానికే ఓపిక లేని మనిషి.

"పిచ్చి ఆపెలీ, యేసు పేరిట నీ పాపాలన్నీ పోయాయి. నమ్మవయ్యా. దుప్పటిదేముంది, మార్చుకుంటాంలే," అంది.

అతను అప్పటికే మంచం కోడుకి ఆనుకుని గురక పెడుతున్నాడు. ఒక్క ముక్క వినలేదు.

ఆమె నావైపు తిరిగింది. "మరి నాకెవరు చెప్తారు?"

"చేతులు కడుక్కుని వస్తానుండు."

"కడుక్కోకు. ఇప్పుడే చెప్పు."

దుప్పటి తుడిచిన ఆ కంపు చేతులతోనే ఆమెను పట్టుకుని చెప్పాను. నవ్వింది. ఆ వారం మొత్తంలో ఆమె నవ్వింది అప్పుడే.

నాలుగో రోజున పోయింది. సమాధి చేసిన రోజున ఆపెలి మొహం చూపించలేదు. ఆ తర్వాత చాలాసార్లు మా గేటు దగ్గర నిలబడ్డాడు. ఒక్కసారి తలుపు తీశాను.

"అన్నా, వదిన నన్ను తిట్టుకుంటూ పోయిందా?" అని అడిగాడు.

"నువ్వే ఊహించుకో," అని తలుపు వేసేశాను.

ముప్పై ఏళ్లు బడిలో చరిత్ర చెప్పినవాణ్ణి. ఏ మాట దాస్తే ఎవరికెంత దెబ్బో తెలిసే దాచాను.

వెనక బల్ల మీదనుంచి సైమీ అత్త వేలితో నా వీపులో పొడిచింది. ఎనభై నాలుగేళ్లు ఆమెకు. "ఏం మాస్టారూ, లేస్తావా, మేము ఇక్కడే రాత్రి పక్కలు వేసుకోవాలా? అవతల కాఫీ చల్లారిపోతోంది."

"వాడి ముక్కు చూడత్తా."

"చూశాను. వాడి చీమిడి బయటికి కనపడుతోంది, నీది కనపడ్డం లేదు. అంతే తేడా."

లేచాను. దగ్గరికెళ్లేకొద్దీ కంపు పెరిగింది. ఊపిరి బిగబట్టి అతని మెడ చుట్టూ చేతులు వేశాను. చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చి ఆగింది. అది నేను చెప్పేది కాదు, రెండేళ్ల కిందటే చెప్పిన మాట.

"హిల్యా నీకు ఇది అప్పుడే చెప్పింది ఆపెలీ. మూతి తుడిచి మరీ చెప్పింది. నువ్వు గురక పెడుతున్నావు. నేను దాచాను," అన్నాను. గొంతు తగ్గించలేదు. మందిరమంతా విన్నది.

"వదినా? నాకా? ఎప్పుడు?"

"ఆ రోజే. దుప్పటి మార్చకముందే."

నా చేతులు విదిలించుకుని వెనక్కి జరిగాడు. మొహం నల్లబడింది. "రెండు చలికాలాలన్నా! గడ్డకట్టిన నది మీద, మంచు పగలగొట్టిన కన్నం ముందు కూర్చున్నాను. చేపల కోసం కాదు, దూకేద్దామా అని."

ఇంత కంపు నాలోనే ఉండగా ఇన్నాళ్లూ అతని కోటు వాసన చూశాను.

"తెలుసు. కాదు, ఇంతదూరం వెళ్లావని తెలుసుకోలేదు. ఇప్పుడు నేను అడుగుతున్నాను. నాకు ఆ మాట చెప్తావా?"



"నీ మొహం చూస్తే నాకు కక్కొస్తోంది," అన్నాడు ఆపెలి.

"రానీ."

ఉన్నట్టుండి నా మెడ పట్టుకుని లాక్కున్నాడు. అతని గడ్డం తడి నా చెంపకంటింది. "యేసు పేరిట... నీ పాపాలన్నీ..." ఆగాడు. పళ్లు కొరకడం వినపడింది. "పోయాయి. నమ్ము. నమ్మి చావు." కక్కినట్టే వచ్చాయి ఆ మాటలు. అయినా వచ్చాయి.

తర్వాత కాఫీ బల్ల దగ్గర ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టింది సైమీ అత్త. ఆపెలి కప్పు ఎత్తబోతే సాసరు నిండా కాఫీ ఒలికింది. మావైపు కాఫీలో నానేసుకుని తినే జున్నుముక్కను అందులోంచి వేళ్లతోనే తీసి నోట్లో వేసుకున్నాడు. ముక్కు ఇంకా కారుతూనే ఉంది. నా అసహ్యం పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పలేను. అతనిదీ పోలేదు, కుర్చీ కొంచెం ఎడంగా జరుపుకున్నాడు. కానీ లేచి వెళ్లలేదు.

జేబులోంచి రుమాలు తీసి అతని ముందు పెట్టాను.

దాన్ని చూసి, నా మెడవైపు చూశాడు. "ముందు నీ కాలరు తుడుచుకో అన్నా. నా చీమిడంతా అక్కడే ఉంది," అన్నాడు.