యాభై మంది దొరక్కపోతే అద్దాల బీరువా

నేను ఒక తంతి మీటను. ఇత్తడి ఒళ్లు, నల్లబిళ్ల తల, కింద చెక్క పలక. నన్ను చూసి ఒకాయన నిమ్మకాయలు పిండేదా అని అడిగాడు. ఇంకొకాయన కాగితాలకు చిల్లులు పొడిచేదన్నాడు. వాళ్లనేం అనను. వేలితో పొట్టిగా నొక్కితే చుక్క, పొడుగ్గా నొక్కితే గీత. ఆ చుక్కలతో, గీతలతో దేశమంతా కబురంపుకున్న కాలం పోయింది మరి.

పుట్టింది కలకత్తాలో ఒక కార్ఖానాలో. బతుకంతా గడిచింది రాజమండ్రి తంతి ఆఫీసులో. అక్కడ హైమవతి అనే ఇరవై రెండేళ్ల అమ్మాయి నా ముందు కూర్చున్న నాటి నుంచి నాకు వేరే చెయ్యి నచ్చలేదు. ‘నాన్నకు సీరియస్, వెంటనే బయలుదేరు’ అని మేమిద్దరం కొట్టిన అబద్ధాలకు లెక్కలేదు. సెలవు దొరకని కొడుకులున్న నాన్నలందరికీ వేసవి రాగానే ప్రాణం మీదకొచ్చేది. యంత్రాలు మారి నన్ను తుక్కులో పడేసిన రోజున హైమవతే నన్ను కొనుక్కుని, కొంగుతో తుడిచి ఇంటికి తీసుకెళ్లింది. రిటైరయ్యాక హామ్ రేడియో లైసెన్సు తీసుకుని ఊళ్లో హామ్ సంఘంలో చేరింది. హామ్‌లంటే ఇంట్లో సొంత రేడియో పెట్టుకుని ముక్కూ మొహం తెలియనివాళ్లతో గంటలకొద్దీ మాట్లాడేవాళ్లు. అదే ఇంట్లో ఉన్నవాళ్లతో అంతగా మాట్లాడరు.

సంఘానికి అధ్యక్షుడు ముక్కామల దక్షిణామూర్తి. మనిషి మంచివాడే, మైకు దొరికితేనే తంటా. ఏడాదికోసారి దేశంలోని సంఘాలన్నీ కొండలెక్కి, గుడారాలు వేసి పోటీ పడతాయి. పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు లోపల ఎవరు ఎక్కువమందిని పలకరిస్తే వాళ్లే విజేతలు. కట్టుబాటు ఒక్కటే, కరెంటు లైను ముట్టుకోకూడదు. తుఫానుకు స్తంభాలన్నీ కూలిన రోజున పనికిరావాలనే ఈ సాధన. గోదావరి జిల్లాల వాళ్లకు ఇది విడమరిచి చెప్పాలా? చెప్పాల్సే వచ్చింది.

పోటీకి ముందు మీటింగులో దక్షిణామూర్తి గొంతు సవరించుకున్నాడు.

“హైమవతి గారూ, ఈ టకటకలు ఇంకా ఎన్నాళ్లండీ? ఈసారి మీకు యాభై మంది దొరక్కపోతే ఆ మీట సంఘానికి ఇచ్చెయ్యండి. అద్దాల బీరువాలో పెట్టుకుందాం.”

“అలాగేనండి,” అంది ఆవిడ.

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. బీరువాలో పెట్టిన మీటా, దండేసిన ఫోటో ఒకటే.

రంపచోడవరం దారిలో ఒక కొండ, దాని మీద పాత బంగళా. పక్కన పెద్ద గుడారంలో పద్దెనిమిది మంది మగవాళ్లు, రెండు రేడియోలు, ఏడు హాట్‌ప్యాకులు. మా చప్పుడు అడ్డొస్తుందని హైమవతిని దూరంగా చింతచెట్టు కిందకి పంపేశారు. “మీ లెక్క మీరే విడిగా పంపుకోండి,” అన్నాడు కార్యదర్శి భూపతిరాజు. రేడియో ఆవిడ సొంతానిదే, సంఘం నుంచి దక్కినవి ఒక స్కూటరు బ్యాటరీ, ఒక మడతకుర్చీ.

మొదటి గంటలో నలుగురు దొరికారు. పన్నెండయ్యేసరికి తొమ్మండుగురు. గుడారంలో మాత్రం జాతర. ఫ్యాను తిప్పీ తిప్పీ వాళ్ల బ్యాటరీ పదకొండున్నరకే చచ్చింది. భూపతిరాజు బంగళా కిటికీలోంచి వైరు లాగాడు.

“రూలు ఒప్పుకోదేమోనండి,” అని తనే నసిగాడు.

“కొండెక్కి ఎవరు చూడొచ్చారు రాజుగారూ, కానివ్వండి,” అన్నాడు అధ్యక్షుడు.

వైరు వచ్చాక మిక్సీ కూడా వచ్చింది. గోంగూర పచ్చడి నూరుతున్నంతసేపూ రెండు రేడియోలూ గుర్రుమన్నాయి. పచ్చడి బాగా కుదిరిందట.

మధ్యాహ్నం నుంచి గాలిలో గరగర పెరిగింది. అలాంటప్పుడు మాట ముక్కలైపోతుంది, చుక్కా గీతా మాత్రం సందు చూసుకుని దూరిపోతాయి. ఒకరి వెనక ఒకరు పలికారు. హైమవతి మణికట్టు వాచింది, నీళ్లు తాగడం మర్చిపోయింది. ఐదుకు ఎనిమిది నిమిషాలు తక్కువ ఉండగా నలభై తొమ్మిది.

యాభయ్యోవాడు జోర్హాట్ నుంచి కొత్తగా నేర్చుకుంటున్నవాడు. ఒక్కో అక్షరానికీ ఆగుతాడు, తప్పు కొట్టి మళ్లీ మొదటికొస్తాడు. వదిలేసి ఇంకొకణ్ని వెతుక్కోమ్మా అని నేను లోలోపల మొత్తుకున్నాను. ఆవిడ వదల్లేదు. తనే వేగం తగ్గించి, పసివాడికి అన్నం ముద్దలు పెట్టినట్టు ఒక్కో అక్షరం అందించింది. రెండు నిమిషాలు మిగిలి ఉండగా అతని పేరు పూర్తయింది.

దిగేముందు దక్షిణామూర్తి నా తల మీద వేలు పెట్టి, దీక్షగా కొడుతున్నట్టు ఫోటో దిగాడు. గుడారం వాళ్ల లెక్క రెండువందల పద్నాలుగు. దానికి ఆ ఫోటో తనే జతచేసి పంపాడు. అందులో ఆయన వెనక, బంగళా కిటికీ నుంచి గుడారం దాకా వైరు బట్టలారేసే తాడులా వేలాడుతోంది. నిర్వాహకులకు కళ్లున్నాయి, రెండువందల పద్నాలుగూ కొట్టేశారు. విడిగా వెళ్లిన హైమవతి లెక్క నిలిచింది. చుక్కలూ గీతలతో పలకరించే కోడు విభాగంలో ఆవిడే మొదటిది.

సన్మానసభ పెట్టారు. శాలువా కప్పి దక్షిణామూర్తి మైకు అందుకున్నాడు.

“ఇంతటి చరిత్ర గల మీట ఎవరింట్లోనో మూల పడి ఉండకూడదు. మన బీరువాలో ఉండాలి.”

ఓడితే పనికిరానిదని బీరువా, గెలిస్తే గొప్పదని బీరువా. ఈ మనుషులకు గౌరవించడం వేరే విధంగా రాదనుకుంటాను.

“ఇస్తానండి,” అని హైమవతి నన్ను ఆయన ముందు పెట్టింది. “దీని మీద మీ పేరు ఒక్కసారి కొట్టండి, చాలు.”

లైసెన్సు కోసం ఆయన మీట పరీక్ష పాసై ముప్ఫయ్యేళ్లయింది. చొక్కా చేతులు పైకి మడిచి, కళ్లు మూసుకుని గట్టిగా పది పన్నెండు దెబ్బలు కొట్టాడు. సభంతా చప్పట్లు. అది పేరు కాదు, ఊరు కాదు, ఏ భాషలోనూ ఏమీ కాదు. ఆ సంగతి తెలిసింది నాకూ, ఆవిడకూ మాత్రమే.

ఆవిడ ఆయన దగ్గరగా వంగి నెమ్మదిగా అంది. “బీరువాలో పెడితే, మీరు కొట్టింది తప్పని మీకు చెప్పేవాళ్లు కూడా మిగలరు దక్షిణామూర్తి గారూ.”

నన్ను సంచీలో వేసుకుని వచ్చేసింది.

వారం తిరిగాక మా పెరటి గుమ్మం దగ్గర దగ్గు వినిపించింది. దక్షిణామూర్తి. ఆవకాయ కొలతలు కనుక్కొస్తానని ఇంట్లో చెప్పి వచ్చాడట. హైమవతి కుర్చీ వేసి, ఏమీ అడక్కుండా నన్ను ఆయన ముందుకు జరిపింది. అప్పటి నుంచి రోజూ ఒక గంట సాధన. చెయ్యి మొద్దు, చెవి అంతకన్నా మొద్దు. పదకొండో రోజున, మొదటి అక్షరం నుంచి చివరిదాకా, తప్పు లేకుండా ఆయన పేరు నాలోంచి వినబడింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఇన్నాళ్లూ ఆయన్ని చూసి నవ్వుకున్న నాకు ఆ పూట నవ్వు రాలేదు.