చచ్చిపోయిందన్న బోర్డు

1999 ఏప్రిల్ నెలాఖరు. వైశాఖ ముహూర్తాలు దగ్గరపడిన రోజులు. రాజోలులో శుభలేఖలు వేసే అన్నపూర్ణ ఒక సోమవారం పొద్దున్నే కంప్యూటరు స్విచ్చి నొక్కింది. ఫ్యాను తిరిగింది గానీ తెర నల్లగానే ఉండిపోయింది. వెంటనే అమలాపురం ఫోన్ చేసి వరప్రసాదాన్ని పిలిపించింది.

ఇద్దరూ ఆరేళ్లు ఒకే ప్రెస్సులో పక్కపక్కన నిలబడి అక్షరాలు పేర్చినవాళ్లు. అతన్ని ఆ పనిలో పెట్టించింది ఆమే. ప్రెస్సు మూతపడ్డాక అతను కంప్యూటర్ల మరమ్మతు నేర్చుకుని సొంతంగా కొట్టు పెట్టుకున్నాడు.

అతను డబ్బా విప్పి చూసి, వైరస్ పడి మదర్‌బోర్డు చచ్చిపోయిందని తేల్చాడు. కొత్తది మద్రాసు నుంచి రావాలని చెప్పి పాతది పట్టుకెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ, ఈలోగా వచ్చే శుభలేఖల ఆర్డర్లు తన దగ్గరికి పంపితే తనే వేసిపెడతానన్నాడు. అన్నపూర్ణ వచ్చినవాళ్లందరికీ అతని కొట్టు గుర్తులు చెప్పి మరీ పంపింది.

మూడు వారాలైనా బోర్డు రాలేదు. ఏమైందో కనుక్కుందామని ఆమే అమలాపురం వెళ్లింది. వరప్రసాదం మూత తీసి ఉన్న కంప్యూటరు మీద శుభలేఖ కూరుస్తున్నాడు. లోపల బోర్డు అంచున ఎండిపోయిన కుంకుమ బొట్టు. దసరా పూజకి డబ్బా మూత తీసి తన చేత్తో పెట్టిన బొట్టే అది.

"ఇది నాదేనా, ప్రసాదం?"

అతను తల దించుకునే అంతా చెప్పాడు. బోర్డు మీద ఒక చిన్న చిప్పు ఉంటుంది. కరెంటు రాగానే ముందు పని మొదలుపెట్టేది అందులో రాసిపెట్టిన ప్రోగ్రామే. తెరనీ కీబోర్డునీ డిస్కునీ అదే లేపుతుంది. దాన్నే ఫర్మ్‌వేర్ అంటారు. వైరస్ ఆ రాతని చెరిపేసింది, అంతే. మళ్లీ రాయిస్తే బోర్డు లేచి కూర్చుంది.

"మా ఇంట్లో డబ్బా విప్పిననాడే ఈ సంగతి మీకు తెలుసాండీ?"

ఎన్నడూ లేనిది ఆమె నోట మీరు, అండీ వినేసరికి అతని మొహం మాడిపోయింది.

"ఆయ్. తెలుసక్కా. సీజనని ఆశపడ్డాను."

బోర్డు విప్పి ఇమ్మంది. తనే వచ్చి బిగిస్తానన్నాడు. అక్కర్లేదంది. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, తను గుర్తులు చెప్పి పంపిన ఒక్కొక్క మొహమే కళ్ల ముందుకొచ్చి ఏడుపు ఆగలేదు.

కాకినాడ నుంచి ఒక మెకానిక్కుని పిలిపించి బోర్డు బిగించుకుంది. చిప్పు ఎలా తియ్యాలో, ఎలా రాయాలో పక్కన కూర్చుని నేర్చుకుంది. మరుసటేడు కొత్తపేటలో ఒకరి కంప్యూటరు అలాగే మొరాయిస్తే ఆమే వెళ్లింది.

"బోర్డు బాగానే ఉందండీ," అంది డబ్బాలోకి చూసి. "చిప్పులో రాత పోయింది. గంటలో అయిపోద్ది, ఇక్కడే కూర్చుని చూడండి."